మూలలో నిలబడేవారి కోసం: ప్రసన్నకుమారి గారి ఇరవై ఏడేళ్ళు

1979వ సంవత్సరం జూలై పదహారవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు శ్రీమతి ప్రసన్నకుమారి గారు తిరుపతిలోని మన మహిళా కళాశాలలో వ్యాయామ విద్యా సంచాలకులుగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. అదే రోజు పదకొండు గంటలకు చరిత్ర శాఖలో ఉపన్యాసకుడిగా నేను చేరాను. హాజరు పట్టీలో ఆమె సంతకం కిందనే నా సంతకం ఉంది. ఈ పదవీ విరమణ సంచికకు ఆమెను గురించి వ్యాసం రాసే బాధ్యత నాకు అప్పగిస్తూ అధ్యాపక సంఘం వారు చెప్పిన కారణం అదొక్కటే. అర్హత అంతకంటే ఎక్కువ ఉన్నదని నేనూ చెప్పుకోను. కబడ్డీ నాకు రాదు. అయితే ఆమె ఉద్యోగ జీవితంలోని ముఖ్యమైన ఘట్టానికి నేను ప్రత్యక్ష సాక్షిని, అందులో కొంత ప్రతిపక్షిని కూడా. కాబట్టి పొగడ్తల జోలికి పోకుండా జరిగింది జరిగినట్టు రాయడమే ఆమెకు నేను చేయగల గౌరవమని భావిస్తున్నాను.

ప్రసన్నకుమారి గారు పుత్తూరు సమీపంలోని ఒక గ్రామంలో 1948లో జన్మించారు. తండ్రిగారు చక్కెర కర్మాగారంలో తూకం గుమాస్తాగా పనిచేసేవారు. ఉన్నత పాఠశాలలో చదివే రోజుల్లో ఆమె కూతకు వెళ్ళే క్రీడాకారిణి. జిల్లాలో ఆమె కూతకు ఎదురు లేదని పేరు. పదో తరగతిలో రాష్ట్ర స్థాయి పోటీలకు వెళ్ళినప్పుడు ఎదుటి జట్టులో ఎడమ మూల నిలబడిన అమ్మాయి ఆమెను వరుసగా మూడు సార్లు చీలమండ దగ్గర పట్టి కూలదోసింది. జట్టు ఓడిపోయింది. "ఆ పిల్ల పేరు తెలియదు, ముఖం గుర్తు లేదు. చేతులు మాత్రం ఇప్పటికీ గుర్తుండాయి సార్" అని ఆమె ఒకసారి నాతో అన్నారు. వ్యాయామ విద్యలో పట్టా పొంది, అయిదేళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేసి, ఆ తరువాత మన కళాశాలకు వచ్చారు.

కబడ్డీ తెలియని బంధుమిత్రుల కోసం ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. జట్టుకు ఏడుగురు. ఎదుటి జట్టు నుండి ఒకరు కూత పెడుతూ మన బరిలోకి వస్తారు. మనలో ఎవరినైనా తాకి, కూత తెగకుండా మధ్యగీత చేరితే పాయింటు వారిది. చేరనీయకుండా పట్టి ఆపితే పాయింటు మనది. చూసేవారి కళ్ళన్నీ కూత పెట్టేవారి మీదనే ఉంటాయి, చప్పట్లూ వారికే. కానీ పట్టు మొదలయ్యేది బరికి రెండు చివరల, మూలల్లో నిలబడిన ఇద్దరి చేతుల్లో. వారు తొందరపడితే తాకించుకుని బయటికి పోతారు, ఆలస్యం చేస్తే వచ్చినవారి కాలు చేజారిపోతుంది. ఉద్యోగంలో చేరిన తొలి ఏడెనిమిదేళ్ళు మన కళాశాల జట్టు మొదటి ఆటలోనే ఓడి తిరిగి రావడానికి కారణం ఈ మూలలేనని ప్రసన్నకుమారి గారు గ్రహించారు. "కూతకు పోయే పిల్లలు ఏ ఊర్లోనైనా దొరుకుతారు. మూలలో ఓపికగా నిలబడే పిల్లనే వెతుక్కోవాల" అనేది నాటి నుండి ఆమె సిద్ధాంతం.

వెతకడం 1988లో ఆరంభమైంది. ఏటా శీతకాలంలో పాఠశాలల క్రీడాపోటీలు ఎక్కడ జరిగినా, పలమనేరు కానివ్వండి, శ్రీకాళహస్తి కానివ్వండి, చిత్తూరు కానివ్వండి, ఆమె సెలవు పెట్టి బస్సెక్కేవారు. పదో తరగతి ముగించబోతున్న బాలికలలో మూలల్లో ఆడేవారిని ఎంచి, మన కళాశాలలో ఇంటర్మీడియట్ చేర్పించేవారు. క్రీడాకారిణులకు ఉచిత వసతి కింద హాస్టల్లో ఎనిమిది సీట్లు ఉండేవి. వాటి కోసం సిఫారసు ఉత్తరాలు వచ్చేవి. ఏనాడూ మైదానం తొక్కనివారు క్రీడాకారిణులమని చెప్పుకుని ఆ గదుల్లో ఉండేవారు. 1991లో ఆమె ఈ దురాచారాన్ని అరికట్టడానికి ఒక నిబంధన స్వయంగా రాసి హాస్టల్ సంఘం చేత ఆమోదింపజేశారు: "ఏ విద్యా సంవత్సరారంభంలోనైనా ఎంపిక పరీక్షలో మైదానంలో దిగి ఆడని విద్యార్థినికి క్రీడా వసతి రద్దగును." నాలుగు పైరవీలు ఆ ఒక్క వాక్యంతో ఆగిపోయాయి. 1993 నుండి వరుసగా నాలుగేళ్ళు జిల్లా కళాశాలల కబడ్డీ పోటీల్లో మన జట్టే విజేత. ఇంతవరకు ఆమె చరిత్ర ఎవరైనా రాయదగిన చరిత్ర.

1996 జనవరిలో ఒక భూమి తగాదా విషయమై నేను చిత్తూరు కోర్టుకు వెళ్ళాను. వాయిదా పడింది. తిరిగి వస్తూ, నాలుగు జిల్లాల పాఠశాలల పోటీలు జరుగుతున్న మైదానం దగ్గర ప్రసన్నకుమారి గారిని చూసి ఆగాను. నెల్లూరు జిల్లా జట్టు ఓడిపోతున్నది. ఎడమ మూలలో తొమ్మిదో నంబరు అమ్మాయి, సన్నగా, పొట్టిగా ఉన్నది, అయిదు కూతల వరకు ఎవరినీ ముట్టుకోనైనా లేదు. జట్టు ఓడింది. ప్రసన్నకుమారి గారు లేచి ఆ అమ్మాయి పేరు ఎవరినో అడుగుతున్నారు.

"ఆ పిల్ల అయిదు సార్లు ఊరికే నిలబడింది గదా మేడమ్. ఆమె పేరెందుకు?" అన్నాను.

"పట్టకూడని అయిదు సార్లూ పట్టలేదు సార్. పట్టాల్సిన మూడు సార్లూ పట్టినాది. ఆ కాళ్ళు చూసినారా? పైకెత్తదు. నేల మీదనే జరుపుతాది."

ఆ అమ్మాయి తాయమ్మ. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లె. కాళ్ళు అలా జరపడం ఎవరు నేర్పారని ప్రసన్నకుమారి గారు అడిగితే, ఆ ప్రశ్నే వింతగా తోచినట్టు చూసింది.

"నీళ్ళల్లో కాలెత్తితే బురద లేస్తాది మేడమ్. బురద లేస్తే రొయ్య పోతాది."

ఆ ఏప్రిల్‌లో ప్రసన్నకుమారి గారు సూళ్ళూరుపేట దాకా బస్సులోను, అక్కడి నుండి దొరికిన బండిలోను ఆ పల్లెకు వెళ్ళారు. తాయమ్మ తండ్రి పెంచలయ్య పడవ పక్కన కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. అక్కడ జరిగిన సంభాషణను నాకు ఆమె చెప్పారు. అయిదేళ్ళ తరువాత పెంచలయ్యా చెప్పాడు. ఇద్దరి మాటా ఒక్కటే అయినందున నమ్మి రాస్తున్నాను.

"మా పిల్లను ఆటకు పిలుస్తుండావా అమ్మా, చదువుకు పిలుస్తుండావా?" అని పెంచలయ్య అడిగాడు.

"అబద్ధం చెప్పను అన్నా. ఆటకే పిలుస్తుండాను. ఆట ఉండబట్టే సీటు."

"ఆట ఎన్నాళ్ళుంటాది?"

"కాళ్ళు బాగుండే దాకా."

"ఆ తర్వాత?"

ఈ ప్రశ్న అంతకు ముందు ఏ తల్లిదండ్రులూ ఆమెను అడగలేదట. "ఆ తర్వాత చదువుంటాది. అది నా పూచీ. డిగ్రీ చేతికిచ్చే పంపిస్తా" అన్నారు.

పెంచలయ్య వల పక్కన పెట్టాడు. "నువ్వు మాట తప్పితే తిరపతికొచ్చి అరిచేంత గట్టోణ్ణి కాదమ్మా నేను. అందుకే మునుపే అడుగుతుండా" అన్నాడు.

జూన్‌లో తాయమ్మ కళాశాలలో చేరింది. నవంబరులో జిల్లా పోటీల సెమీఫైనల్లో, ఆట ముగియడానికి కొన్ని నిమిషాల ముందు, కూతకు వచ్చిన క్రీడాకారిణి చీలమండను చక్కగా ఒడిసిపట్టింది. తోడు పట్టడానికి వచ్చిన మన జట్టువారే నలుగురు తూలి ఆమె ఎడమ మోకాలి మీద పడ్డారు. పాయింటు వచ్చింది, ఆట గెలిచాము, మరునాడు కప్పు కూడా వచ్చింది. తాయమ్మను చిత్తూరు నుండి బస్సులో వెనుక సీటు మీద పడుకోబెట్టి, ఆ కాలు ఒడిలో పెట్టుకుని ప్రసన్నకుమారి గారు తిరుపతికి తీసుకువచ్చారు. నాలుగు నెలలకు అమ్మాయి మామూలుగా నడవగలిగింది. కానీ మోకాలి లోపల తెగినది మునుపటిలా అతకదని, మళ్ళీ కబడ్డీ ఆడితే నడక కూడా పోతుందని వైద్యులు స్పష్టంగా చెప్పారు.

1997 జూన్‌లో హాస్టల్ సంఘం సమావేశమైంది. సభ్యులం అయిదుగురం. ప్రిన్సిపాల్ శ్రీమతి ఆదిలక్ష్మమ్మ గారు అధ్యక్షులు, నేను కార్యదర్శిని. క్రీడా వసతి జాబితాలో తాయమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి నేను నిబంధన చదివాను. ఎంపిక పరీక్షలో ఆడలేదు కాబట్టి వసతి రద్దు. ఆ వాక్యం ఎవరు రాశారో గదిలో అందరికీ తెలుసు. హాస్టల్ లేకపోతే ఆ అమ్మాయి చదువు లేదని కూడా అందరికీ తెలుసు.

"ఒక్క పిల్ల కోసం నిబంధన సడలిస్తే రేపు సిఫారసులతో వచ్చేవారికి ఏం జవాబు చెబుతాం ప్రసన్నా? దీన్ని తెచ్చిందే మీరు గదా" అన్నారు ఆదిలక్ష్మమ్మ గారు. ఆ మాటలో అన్యాయమేమీ లేదు. నేనూ అదే అన్నాను.

"సడలించమని అడగలేదు మేడమ్. మార్చమంటున్నాను" అన్నారు ప్రసన్నకుమారి గారు. "రాసేటప్పుడు ఆడనివాళ్ళు, ఆడలేనివాళ్ళు ఇద్దరూ ఒకటే అనుకున్నాను. ఆ తప్పు నాది. ఆ తప్పుకు ఆ పిల్లను ఇంటికి పంపడం యాడ న్యాయం?"

"సీట్లు ఎనిమిదే. తొమ్మిదోది ఎక్కడి నుంచి తెస్తారు?" అని నేను అడిగాను.

ఆమె వద్ద దానికి జవాబు ఉన్నదని, ఆ జవాబు ఆమెకు చాలా కష్టమైనదని నాకు అప్పటికి తెలియదు. పలమనేరు ఉన్నత పాఠశాలలో స్టెల్లా అనే అమ్మాయిని ఆమె రెండేళ్ళుగా గమనిస్తున్నారు. తాను అంతవరకు చూసిన ఎడమ మూలల్లో ఆ అమ్మాయిని మించినవారు లేరని ఆమె అభిప్రాయం. తాయమ్మను ఉంచితే ఆ ఏడు ఖాళీ అయ్యే సీటే లేదు, స్టెల్లా చేత మాత్రం అప్పటికే దరఖాస్తు కూడా పెట్టించారు.

"ఈ ఏడు కొత్తగా ఎవరినీ తీసుకోను" అన్నారు.

ఓటింగు జరిగింది. ఆమె ప్రతిపాదన ముగ్గురు సమర్థించగా ఇద్దరు వ్యతిరేకించడంతో ఆమోదం పొందింది. వ్యతిరేకించిన ఇద్దరిలో నేనొకడిని. "ఆటలో గాయపడిన విద్యార్థినికి చదువు ముగియు వరకు వసతి కొనసాగును" అన్న వాక్యాన్ని నిబంధనల పుస్తకంలో నా చేతితోనే చేర్చాను.

ఈ సంగతి తెలియక తాయమ్మ ఆ మధ్యాహ్నానికే తన పెట్టె సర్దుకుని వ్యాయామ శాఖ గది ముందు నిలబడి ఉన్నది.

"నేను పోతా మేడమ్. ఆటే లేనప్పుడు ఈడ నాకేం పని?"

"మీ నాయనకు నేనిచ్చిన మాట ఆట గురించి కాదు" అన్నారు ప్రసన్నకుమారి గారు. "పెట్టె లోపల పెట్టు. రెండింటికి జువాలజీ క్లాసుండాది, పో."

మరునాడు ఆమె పలమనేరు వెళ్ళారు. ఈ పని ఉత్తరంతో ముగించవచ్చు; ఆమె ముగించలేదు. స్టెల్లా తల్లి ఆసుపత్రిలో ఆయా. తల్లీకూతుళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, సీటు లేదని చెప్పారు.

"నేను సరిగ్గా ఆడలేదా మేడమ్?" అని స్టెల్లా అడిగింది.

"బాగా ఆడినావు. అంత బాగా ఆడే పిల్లను నేను ఇంకొకరిని చూడలేదు. సీటే లేదు. అది నీ తప్పు కాదు, నాది."

అక్కడితో ఊరుకోలేదు. చిత్తూరులోని ఒక కళాశాలలో వ్యాయామ సంచాలకులైన శ్రీ బాలసుబ్రమణ్యం గారికి అక్కడే కూర్చుని ఉత్తరం రాసి, స్టెల్లా చేతికే ఇచ్చారు. నాలుగేళ్ళుగా ఫైనల్లో మన చేతిలో ఓడిపోతున్నది ఆ కళాశాల జట్టే. ఆ ఉత్తరాన్ని బాలసుబ్రమణ్యం గారు దాచుకుని ఈ మధ్య నాకు చూపించారు. అందులో ఉన్నది ఇంతే: "ఈ అమ్మాయిని చేర్చుకోండి. హాస్టల్లో చోటివ్వండి. ఎడమ మూలలో తప్ప ఇంకెక్కడా నిలబెట్టకండి."

ఆయన అక్షరాలా పాటించారు. 1997 నవంబరు ఫైనల్లో మన జట్టు రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. చివరి కూతకు మనవైపు నుండి వెళ్ళిన అమ్మాయి ఒకరిని తాకి వెనక్కి తిరిగింది. మధ్యగీతకు జానెడు దూరంలో స్టెల్లా ఆమె చీలమండ పట్టేసింది. ఆ పట్టు నేను స్వయంగా చూశాను. ఆట తెలియని నాకు కూడా అది మంచి పట్టేనని అర్థమైంది. మన పిల్లలు ఏడుస్తున్నారు. వారిని ఓదార్చవలసిన ప్రసన్నకుమారి గారు బరి అంచున నిలబడి, ఎదుటి జట్టు వైపే చూస్తున్నారు.

"మీరే పంపించి మీరే ఓడిపోయినారే మేడమ్" అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది.

"చూసినారా సార్? మొదటి కాలు పోనిచ్చింది. రెండో కాలు పట్టినాది. అట్ల పట్టాల!" అన్నారు. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. అవి ఓటమికో, ఆ పట్టుకో నేను చెప్పలేను. చరిత్రకారుడు తెలియనిది తెలియదనే చెప్పాలి.

నాలుగేళ్ళు గెలిచిన కప్పు ఎందుకు పోయిందో తెలియజేయమని యాజమాన్యం వారు సంజాయిషీ అడిగారు. ఆమె సమర్పించిన జవాబు ఒకే వాక్యం: "ఎదుటి జట్టు ఎడమ మూల మన ఎడమ మూల కంటే బాగా ఆడినందున ఓడిపోయాము." కప్పు మళ్ళీ మన కళాశాలకు రావడానికి 2001 దాకా పట్టింది. ఆ నాలుగేళ్ళు అధ్యాపకుల గదిలో ఆమె వినవలసివచ్చిన మాటల్లో కొన్ని నావి కూడా. అయినా ఆమె శీతకాలం రాగానే బస్సెక్కడం మాత్రం మానలేదు.

తాయమ్మ మళ్ళీ కబడ్డీ ఆడలేదు. మొదటి ఏడాది ఇంగ్లీషులో తప్పి, మళ్ళీ రాసి గట్టెక్కి, 2001లో జువాలజీ ప్రధానాంశంగా డిగ్రీ పూర్తి చేసింది. పట్టా తీసుకునే రోజున పెంచలయ్య తిరుపతికి వచ్చాడు. వ్యాయామ శాఖ గది గుమ్మంలో నిలబడి, "నేనొచ్చి అరవాల్సిన పని లేకపోయినాదమ్మా" అన్నాడు. తాయమ్మ ఇప్పుడు మత్స్యశాఖలో ఉద్యోగి. స్టెల్లా రాష్ట్ర జట్టుకు మూడేళ్ళు ఆడి, నేడు రైల్వేలో పనిచేస్తున్నది. 1997లో చేర్చిన ఆ ఒక్క వాక్యం ఆధారంగా నేటికి మరో అయిదుగురు విద్యార్థినులు గాయపడిన తరువాత కూడా ఇక్కడే చదువు ముగించుకున్నారు. ఆనాడు నేను పొరబడ్డానని రాతపూర్వకంగా ఒప్పుకోవడానికి ఈ సంచికను మించిన చోటు నాకు దొరకదు.

ప్రసన్నకుమారి గారిలో లోపాలు లేవని చెబితే ఆమె సహోద్యోగులెవరూ నమ్మరు. ఆలస్యంగా వచ్చిన విద్యార్థినుల మీద ఆమె గొంతు లేస్తే నా తరగతిలో పాఠం ఆగిపోయేది. అధ్యాపక సమావేశాలకు ఆమె హాజరు అంతంతమాత్రమే. ఎవరినైనా ముఖం మీద మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. ముప్పై ఏళ్ళలో తన వంటను ఒక్కసారి కూడా బాగుందని అనలేదని తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వారి శ్రీవారు జయరామ్ గారు మొన్ననే నాతో నవ్వుతూ ఫిర్యాదు చేశారు. శీతకాలపు ఆదివారాలలో వంట ఆయనదేనట. ఆ ఇంటి సహనం లేకుండా ఈ కళాశాలకు ఆ కప్పులు లేవు. అందుకు జయరామ్ గారికీ, కుమార్తె చిరంజీవి నవీనకూ మేము ఋణపడి ఉన్నాము.

ఈ ఏడాది జనవరిలో చిత్తూరులో పాఠశాలల పోటీలు జరిగాయి. జూలై ముప్పై ఒకటిన పదవీ విరమణ అని ఆమెకు అప్పటికే ఉత్తరం అందింది. ఆమె ఎంపిక చేసే పిల్లలు ఇక్కడ చేరి బరిలో దిగే నాటికి ఆమె ఉండరు. అయినా తెల్లవారి బస్సుకు సిద్ధమవుతుంటే నేను అడిగాను.

"ఇంక మీకెందుకు మేడమ్ ఈ తిరుగుడు? వచ్చేవాళ్ళు చూసుకుంటారు గదా."

"నేనుండనని ఆ పిల్లలు ఆడకుండా ఉంటారా సార్?" అన్నారు. "పదో తరగతి ఒక్కసారే గదా వచ్చేది వాళ్ళకు."

ఆ పోటీల నుండి ఆమె ముగ్గురు బాలికలను ఎంచి తెచ్చారు. వారిలో ఇద్దరు మూలల్లో ఆడేవారు. ఈ నెల మొదట్లో ముగ్గురూ హాస్టల్లో చేరారు. ఈ సంచిక వెలువడే వీడ్కోలు సభలో మూడో వరుసలో కూర్చుంటారు. తమను వెతికి తెచ్చిన వారి వద్ద వారు ఆట నేర్చుకోవడం మొదలై ఇంకా నెల కూడా కాలేదు.

శ్రీమతి ప్రసన్నకుమారి గారికి ఏడుకొండలవాడు దృఢమైన ఆరోగ్యాన్ని, నిండు నూరేళ్ళ ఆయుస్సును, జయరామ్ గారి చేతి వంటను స్థిమితంగా కూర్చుని తినే ఆదివారాలను ప్రసాదించు గాక! రాబోయే శీతకాలంలో ఏదో ఒక బడి మైదానం అంచున ఆమె తప్పక కూర్చుంటారని మాకు తెలుసు. అక్కడ ఏ పిల్లకూ సీటు లేదని చెప్పవలసిన అవసరం లేకుండా, ఒక మంచి పట్టును చూసి నోరారా మెచ్చుకునే భాగ్యం ఆమెకు కలగాలని కళాశాల పక్షాన మనసారా కోరుకుంటున్నాను.

గిరిప్రసాద్
చరిత్ర శాఖ
జూలై 2006